కిడ్నీలో రాళ్లు: మొదటి నొప్పి నుంచి స్టెంట్ తీసే రోజు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

యూరాలజీ వార్డులో ఆపరేషన్‌కు ముందూ తర్వాతా రోగుల పక్కన, వారి ఇంటివాళ్ల పక్కన కూర్చొని వివరాలు చెప్పడం నా పని. ఊళ్లు వేరైనా, వయసులు వేరైనా అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. డాక్టరుగారి గదిలో గుర్తుకు రాని సందేహం డిశ్చార్జి కాగితం చేతికి వచ్చాక గుర్తుకు వస్తుంది. అలాంటి సందేహాలను రోగులు అడిగిన మాటల్లోనే ఇక్కడ చేర్చాను. ఎవరికి ఏ దశ అవసరమో అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## నొప్పి మొదలైనప్పుడు

రాయి కిడ్నీలో ఉందంటున్నారు, మరి నొప్పి గజ్జల్లోకి ఎందుకు దిగుతోంది?

కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రాన్ని తెచ్చే సన్నని గొట్టాన్ని మూత్రనాళం అంటారు. దాని పొడవు సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్లు, లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ నాళం మూడు చోట్ల మరింత ఇరుకుగా ఉంటుంది: కిడ్నీ నుంచి మొదలయ్యే చోట, కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలను దాటే చోట, మూత్రాశయంలోకి ప్రవేశించే చోట. రాయి కిడ్నీలో కదలకుండా ఉన్నంతకాలం చాలామందికి ఏమీ తెలియదు. అది నాళంలోకి జారి ఇరుక్కున్నప్పుడు వెనకాల మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బుతుంది, రాయిని కిందికి తోయడానికి నాళం బిగుసుకుంటుంది. డొక్కలో మొదలైన నొప్పి రాయి దిగేకొద్దీ పొత్తికడుపులోకి, గజ్జల్లోకి, మగవారిలో వృషణాల్లోకి పాకుతుంది. మూత్రాశయం దగ్గరకు వచ్చిన రాయి మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలనిపించేలా చేస్తుంది కాబట్టి దాన్ని మామూలు ఇన్‌ఫెక్షన్ అనుకొని వారాల తరబడి మందులు వాడేవాళ్లు ఉన్నారు.

నొప్పి పూర్తిగా తగ్గిపోయింది. రాయి పడిపోయినట్టేనా?

కాకపోవచ్చు. రాయి కొంచెం పక్కకు జరిగి మూత్రానికి దారి ఇచ్చినా నొప్పి తగ్గుతుంది. అడ్డు అలాగే ఉండి, కిడ్నీ ఆ ఒత్తిడికి అలవాటుపడి మూత్రం తయారుచేయడం తగ్గించుకున్నా నొప్పి తగ్గుతుంది. ఈ రెండో పరిస్థితే ప్రమాదకరం, ఎందుకంటే బయటికి ఏ బాధా లేకుండా నెలల్లో ఆ కిడ్నీ పనిచేసే శక్తిని కోల్పోతుంది. రాయి పడటం కళ్లారా చూసి ఉంటే తప్ప, నొప్పి తగ్గాక కూడా డాక్టరు చెప్పిన తేదీకి మళ్లీ స్కానింగ్ చేయించుకోవాలి.

నొప్పితోపాటు చలి, జ్వరం వచ్చాయి. తెల్లవారే దాకా ఆగవచ్చా?

ఆగకూడదు. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉన్నవారు దీన్ని చదవమని కోరుతున్నాను. రాయి అడ్డుపడిన కిడ్నీలో నిలిచిన మూత్రానికి ఇన్‌ఫెక్షన్ సోకితే అది చీము పట్టిన గడ్డతో సమానం. అడ్డు తొలగకుండా యాంటిబయాటిక్ ఆ మూత్రంలోకి సరిగా చేరదు, లోపలి క్రిములు మాత్రం రక్తంలోకి సులువుగా చేరతాయి. సాయంత్రం చలితో వణికిన మనిషికి అర్ధరాత్రికల్లా బీపీ పడిపోయి ఐసీయూలో చేర్చవలసిన పరిస్థితి రావచ్చు. షుగరు ఉన్నవారికి, ఒకే కిడ్నీ ఉన్నవారికి, గర్భిణులకు, వయసు పైబడినవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఆసుపత్రికి చేరాక డాక్టర్లు ముందుగా రాయి జోలికి పోరు. మూత్రాశయం వైపు నుంచి స్టెంట్ (మూత్రనాళంలో ఉంచే మెత్తని గొట్టం) వేసి గానీ, వీపు వైపు నుంచి కిడ్నీలోకి సన్నని గొట్టం పెట్టి గానీ, నిలిచిన మూత్రం బయటికి పోయే దారి చేస్తారు. "రాయి తీయకుండానే పంపిస్తున్నారేమిటి?" అని ఇంటివాళ్లు నిరాశపడుతుంటారు. ఇన్‌ఫెక్షన్ ఉండగా రాయిని పగలగొడితే క్రిములు ఒక్కసారిగా రక్తంలోకి వెళతాయి. కాబట్టి ఆ రోజు దారి చేయడమే అసలైన వైద్యం, రాయిని కొన్ని రోజులకో కొన్ని వారాలకో తీస్తారు.

మూత్రం ఎర్రగా వచ్చింది, నొప్పి మాత్రం లేదు. ఇది కూడా రాయేనా?

రాయి కావచ్చు, కానీ అలా అనుకొని వదిలేయకూడదు. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం రావడం మూత్రాశయ క్యాన్సర్‌కూ కిడ్నీ క్యాన్సర్‌కూ తొలి లక్షణం కావచ్చు. 40 ఏళ్లు దాటినవారు, ముఖ్యంగా బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నవారు, ఒక్కసారి కనిపించి ఆగిపోయినా సరే యూరాలజిస్టును కలవాలి. స్కానింగ్‌తోపాటు సన్నని కెమెరాతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష అవసరం కావచ్చు.

## పరీక్షల దగ్గర

అల్ట్రాసౌండ్‌లో రాయి లేదన్నారు, సీటీలో ఉందన్నారు. దేన్ని నమ్మాలి?

సీటీని నమ్మాలి. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ, మూత్రాశయం బాగా కనిపిస్తాయి, కానీ మధ్యలోని మూత్రనాళం ఎక్కువ భాగం పేగుల చాటున ఉంటుంది కాబట్టి అక్కడి రాయి తప్పిపోవచ్చు. ఎక్స్‌రేలో యూరిక్ ఆమ్లపు రాళ్లు అసలు కనిపించవు. రంగు ఇంజెక్షన్ లేకుండా తీసే సీటీలో రాయి ఎక్కడ ఉంది, ఎంత పెద్దది, ఎంత గట్టిది అన్నవి తెలుస్తాయి, ఆపరేషన్ నిర్ణయం వీటి మీదే ఆధారపడుతుంది. గర్భిణులకు మాత్రం రేడియేషన్ కారణంగా అల్ట్రాసౌండ్‌నే ముందుగా ఎంచుకుంటారు.

క్రియాటినిన్ మామూలుగానే ఉంది కదా, కిడ్నీకి ఏమీ కానట్టేనా?

రక్త పరీక్షలో రెండు కిడ్నీల మొత్తం పనిని చెప్పే సంఖ్య అది. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత యూనిట్లు ఉంటాయి, రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా వడపోసి, అందులో చాలావరకు తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నర నుంచి రెండు లీటర్ల మూత్రంగా మిగులుస్తాయి. ఇంత సామర్థ్యం ఉన్నందువల్ల ఒక కిడ్నీ దాదాపు పాడైనా రెండోది ఆ బరువు మోస్తుంది, క్రియాటినిన్ మామూలుగానే కనిపిస్తుంది. అందుకే రాయి చాలాకాలంగా అడ్డుపడి ఉందన్న అనుమానం ఉంటే ఏ కిడ్నీ ఎంత శాతం పనిచేస్తోందో విడివిడిగా చెప్పే ఐసోటోపు స్కాన్ చేయిస్తారు.

మాది శ్రీకాకుళం జిల్లా. ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా రాళ్ల వల్లే వస్తుందా?

ఉద్దానంలో కనిపించేది దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి, అది రాళ్ల జబ్బు కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో, షుగరూ బీపీ లేని రైతులకూ కూలీలకూ కూడా కిడ్నీలు మెల్లగా దెబ్బతినడం ఏళ్ల తరబడి కనిపిస్తోంది. దీనికి ఇదే కారణమని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. ఆ జబ్బు నొప్పి లేకుండా ముదురుతుంది, దానికి ఆపరేషన్ లేదు, నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ జబ్బులకు మందులతో వైద్యం చేసే డాక్టరు దగ్గర చూపించుకోవాలి. రాళ్ల జబ్బులో ఎక్కువమందికి అడ్డు తొలగిస్తే కిడ్నీ కోలుకుంటుంది. అయితే ఆ ప్రాంతం వారికి రాయి ఉందని తేలినప్పుడు క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు కూడా చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం, నొప్పి మాత్రలు సొంతంగా కొని వాడటం మానుకోవడం అంతకన్నా ముఖ్యం.

## మందులా, ఆపరేషనా

నాది 6 మిల్లీమీటర్ల రాయి. మందులతో పడిపోతుందా?

మూత్రనాళంలో ఉన్న రాయి 5 మిల్లీమీటర్లలోపు అయితే మూడింట రెండు వంతుల మందికి దానంతటదే పడిపోతుంది. 5 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సగంమందికి దగ్గరగా పడుతుంది. 10 దాటితే ఆశ పెట్టుకోవడం కష్టం. రాయి ఎంత కిందికి దిగి ఉంటే అవకాశం అంత ఎక్కువ. నాళాన్ని వదులుచేసే టామ్సులోసిన్ మాత్రను కొన్ని వారాలపాటు ఇస్తారు. అది రాయిని కరిగించదు, దారిని మాత్రమే సులువు చేస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలకు కూడా రాయి కదలకపోయినా, జ్వరం వచ్చినా, నొప్పి అదుపు కాకపోయినా, ఉన్న ఒక్క కిడ్నీకి అడ్డుపడినా ఎదురుచూడటం ఆపి తీయించుకోవాలి.

ఉలవచారు, కొండపిండి ఆకు, అరటి దూట రసం తాగమంటున్నారు. పనిచేస్తాయా?

మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది వీటిలో ఏదో ఒకటి తాగి వచ్చినవారే, అందుకు ఎవరినీ తప్పుపట్టవలసిన పని లేదు. కొండపిండి ఆకును సంక్రాంతికి కూరగా వండుకునే ఇళ్లు మనకు ఉన్నాయి, పేరులోనే రాయిని పిండి చేస్తుందన్న నమ్మకం ఉంది. అయితే చిన్న రాళ్లు ఏ మందూ లేకుండానే ఎక్కువగా పడిపోతాయి కాబట్టి, రసం తాగిన తర్వాత పడిన రాయి రసం వల్లే పడిందని చెప్పలేము. పెద్ద రాయిని అవి కరిగిస్తాయని గట్టి రుజువు లేదు. భోజనంలో భాగంగా ఉలవచారు తింటే మెజారిటీ రోగులకు నష్టం లేదు. నష్టం ఎక్కడ జరుగుతుందంటే, నొప్పి లేదు కదా అని స్కానింగ్ లేకుండా ఆరు నెలలు, ఏడాది రసాల మీదే గడిపి కిడ్నీ ఉబ్బిపోయాక వచ్చినప్పుడు. క్రియాటినిన్ పెరిగినవారు పచ్చి ఆకు రసాలు అసలు తాగకూడదు, ఒంట్లో పొటాషియం, రాయి కట్టించే ఆక్సలేట్ అనే పదార్థం పెరిగి హాని కలగవచ్చు.

బీరు తాగితే రాయి పడిపోతుందట, నిజమేనా?

నిజం కాదు. బీరు మూత్రాన్ని కాసేపు పెంచుతుంది, ఆ తర్వాత ఒంట్లో నీరు తగ్గుతుంది, యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. అడ్డుపడిన కిడ్నీలో ఒక్కసారిగా మూత్రం పెరిగితే నొప్పి ఇంకా ఎక్కువవుతుంది.

ఒక డాక్టరు షాక్‌వేవ్ అన్నారు, ఇంకొకరు లేజర్ అన్నారు, మరొకరు వీపు నుంచి రంధ్రం అన్నారు. ఎవరి మాట వినాలి?

ముగ్గురూ సరైన మాటే చెప్పి ఉండవచ్చు. నిర్ణయం రాయి పరిమాణం, అది ఉన్న చోటు, దాని గట్టితనం, రోగి శరీరం, ఖర్చు, ఆ ఆసుపత్రిలో ఉన్న పరికరాల మీద ఆధారపడుతుంది.

షాక్‌వేవ్ పద్ధతిలో ఏ కోతా ఉండదు. శరీరం బయటి నుంచి పంపిన తరంగాలు రాయి మీద కేంద్రీకరించి దాన్ని ముక్కలు చేస్తాయి. అప్పట్లో విమానాలు తయారుచేసే డోర్నియర్ సంస్థ యంత్రంతో 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో డాక్టర్ క్రిస్టియన్ చాసీ బృందం మొదటిసారి మనిషికి ఈ చికిత్స చేసింది. అంతవరకు రాయి అంటే డొక్క పొడవునా కోత అన్నమాటే. మరీ గట్టిగా లేని, 2 సెంటీమీటర్లలోపు కిడ్నీ రాళ్లకు ఇది సరిపోతుంది. ముక్కలు మూత్రంలో తామే పడాలి కాబట్టి కొన్ని వారాలు పట్టవచ్చు, ఒకటికి మించి సిట్టింగులు కావచ్చు. కిడ్నీ అడుగు అరలో ఉన్న రాయి ముక్కలు కిందికి జారక అక్కడే మిగిలిపోతుంటాయి. గర్భిణులకు, రక్తం గడ్డకట్టే శక్తి తక్కువ ఉన్నవారికి ఈ పద్ధతి చేయరు.

యూఆర్‌ఎస్‌లో మూత్రం వచ్చే దారి గుండానే సన్నని దుర్బిణిని మూత్రనాళంలోకి పంపి, లేజర్‌తో రాయిని పొడిచేసి తీస్తారు. బయట ఒక్క కుట్టు కూడా ఉండదు. అదే దారిలో వంగే దుర్బిణిని కిడ్నీ లోపలి అరల దాకా పంపితే దాన్ని ఆర్‌ఐఆర్‌ఎస్ అంటారు, సాధారణంగా 2 సెంటీమీటర్లలోపు కిడ్నీ రాళ్లకు చేస్తారు. నాళం మరీ సన్నగా ఉంటే మొదటి రోజు దుర్బిణి లోపలికి పోదు. బలవంతం చేస్తే నాళం చిరుగుతుంది కాబట్టి, స్టెంట్ వేసి ఒకటి రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మంటారు. దాన్ని డాక్టరు వైఫల్యంగా భావించకండి, తొందరపడనందుకు సంతోషించండి.

2 సెంటీమీటర్లు దాటిన రాళ్లకు, జింక కొమ్ములా కిడ్నీ అరలన్నిటా అల్లుకున్న రాళ్లకు వీపు నుంచి చేసే పీసీఎన్‌ఎల్ ఉత్తమం. ఒకే విడతలో ఎక్కువ రాయిని తీయగలిగేది ఇదే.

కిడ్నీకి రంధ్రం చేస్తారంటే భయంగా ఉంది. ఆ కిడ్నీ మళ్లీ పనిచేస్తుందా?

పనిచేస్తుంది. పీసీఎన్‌ఎల్‌లో వీపు పక్కన సుమారు ఒక సెంటీమీటరు కోత పెట్టి, ఎక్స్‌రే తెర మీద గానీ అల్ట్రాసౌండ్‌తో గానీ చూస్తూ కిడ్నీలోకి దారి చేసి, దాని గుండా రాయిని పగలగొట్టి బయటికి తీస్తారు. మినీ పద్ధతిలో ఆ దారి ఇంకా సన్నగా ఉంటుంది. ఆ దారిలో ఉంచిన గొట్టం తీశాక అది దానంతటదే మూసుకుంటుంది, మిగిలేది చిన్న మచ్చ. రాయి ఉంచుకోవడం వల్ల కిడ్నీకి జరిగే నష్టంతో పోలిస్తే ఈ గాయం చాలా చిన్నది.

ప్రమాదాలే లేవని మాత్రం చెప్పకూడదు. కొద్దిమందికి రక్తస్రావం ఎక్కువై రక్తం ఎక్కించవలసి వస్తుంది, కొందరికి తర్వాత జ్వరం వస్తుంది. ఇంటికి వెళ్లిన వారం, రెండు వారాల్లో మూత్రం ఉన్నట్టుండి చిక్కగా ఎర్రబడి గడ్డలు పడితే వెంటనే తిరిగి రావాలి. లోపలి రక్తనాళం నుంచి కారుతున్న అలాంటి రక్తాన్ని మళ్లీ కోయకుండా, తొడలోని రక్తనాళం గుండా వెళ్లి ఆపగలరు.

ఆపరేషన్ రోజు చెప్పి, మూత్రం కల్చర్ రిపోర్టు చూసి వాయిదా వేశారు. ఎందుకు?

మూత్రంలో క్రిములు ఉన్నాయేమో పెంచి చూసే పరీక్ష కల్చర్. అందులో క్రిములు పెరిగాయంటే రాయి చుట్టూ ఇన్‌ఫెక్షన్ ఉందని అర్థం. ఆ క్రిమికి సరిపోయే యాంటిబయాటిక్ ముందుగా ఇవ్వకుండా దుర్బిణితో లోపలికి వెళ్లి నీటి ఒత్తిడి పెడితే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్ రావచ్చు. సెలవులు పెట్టుకొని, ఊరి నుంచి తోడు మనిషిని తెచ్చుకొని వచ్చినవారికి వాయిదా ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆ కొద్ది రోజులు ఆగడమే క్షేమం. గుండె కోసం రక్తం పలచబడే మాత్రలు వాడేవారు కూడా ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. వాటిని ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరు, యూరాలజిస్టు కలిసి నిర్ణయిస్తారు, సొంతంగా ఆపకూడదు.

మా నాన్నగారికి మూత్రాశయంలో రాయి. ప్రొస్టేట్ ఆపరేషన్ కూడా చేయాలంటున్నారు, అవసరమా?

చాలాసార్లు అవసరమే. పెద్దవయసు మగవారిలో మూత్రాశయపు రాయి ఎక్కువగా మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోవడం వల్ల పుడుతుంది, ఖాళీ కాకపోవడానికి సాధారణ కారణం పెరిగిన ప్రొస్టేట్ గ్రంథి. రాయి ఒక్కటే తీసి అడ్డును వదిలేస్తే మళ్లీ రాయి కడుతుంది. మూత్రమార్గం నుంచే దుర్బిణితో గ్రంథి లోపలి భాగాన్ని తొలిచి తీసి, అదే విడతలో రాయిని కూడా పగలగొడతారు. తర్వాత రెండు మూడు రోజులు మూత్రం పోయే గొట్టం (క్యాథెటర్) ఉంటుంది. ఈ ఆపరేషన్ తర్వాత వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్లడం చాలామందిలో జరుగుతుంది, ఒంటికి దానివల్ల హాని లేదు కానీ ఈ మాట ముందే చెప్పించుకోవాలి.

## స్టెంట్ ఉన్న రోజుల్లో

స్టెంట్ అంటే గుండెలో వేసేదేనా? జీవితాంతం ఉంటుందా?

పేరు ఒకటే, వస్తువు వేరు. గుండె స్టెంట్ లోహపు జాలీ, అది అక్కడే ఉండిపోతుంది. కిడ్నీకి వేసే డీజే స్టెంట్ మెత్తని ప్లాస్టిక్ గొట్టం. పెద్దవారికి వాడేది సుమారు 24 నుంచి 26 సెంటీమీటర్ల పొడవు, దాదాపు 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, రెండు కొనలూ ఉంగరంలా చుట్టుకొని ఉంటాయి. ఒక చుట్ట కిడ్నీలో, ఇంకొకటి మూత్రాశయంలో ఉండి గొట్టం జారకుండా పట్టుకుంటాయి. ఆపరేషన్ తర్వాత నాళం వాచినా, రాతి పొడి అడ్డుపడినా మూత్రం ఆగకుండా ఉండటానికి దీన్ని వేస్తారు. ఇది తాత్కాలికం, తీసి తీరాలి.

మూత్రానికి వెళ్లినప్పుడల్లా నడుములో పోటు వస్తోంది, మూత్రం ఎర్రగా వస్తోంది. ఆపరేషన్ చెడిందా?

స్టెంట్ ఉన్న చాలామందికి ఇలాగే ఉంటుంది. మూత్రాశయం బిగుసుకున్నప్పుడు గొట్టం గుండా కొంత మూత్రం వెనక్కి కిడ్నీలోకి ఎగదన్నుతుంది, ఆ పోటు అదే. కింది చుట్ట మూత్రాశయం గోడకు రాసుకోవడం వల్ల తరచుగా వెళ్లాలనిపించడం, చివర్లో మంట, నడక ఎక్కువైన రోజు మూత్రం ఎర్రబడటం ఉంటాయి. నీళ్లు ఎక్కువ తాగి, మూత్రం బిగబట్టకుండా, బరువులు ఎత్తకుండా, రాసిచ్చిన మాత్రలు వాడితే చాలావరకు సర్దుకుంటుంది. చలిజ్వరం, గడ్డలుగా రక్తం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం మాత్రం సర్దుకునేవి కావు, వెంటనే రావాలి.

స్టెంట్ ఇప్పుడు ఏ ఇబ్బందీ పెట్టడం లేదు. కొన్నాళ్లు ఉంచేస్తే ఏమవుతుంది?

ఈ ప్రశ్న వినగానే నేను కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చుంటాను. రాళ్లు కట్టే శరీరంలో ఆ గొట్టం మీద కూడా రాయి కడుతుంది. మామూలుగా కొన్ని రోజుల నుంచి ఆరు వారాల్లోగా తీసేస్తారు, మూడు నెలలు దాటితే పొర గట్టిపడటం ఎక్కువవుతుంది. ఏడాది దాటి వచ్చినవారి ఎక్స్‌రే చూశాను. సన్నని గీతలా కనిపించవలసిన గొట్టం కొనల దగ్గర కోడిగుడ్డంత తెల్లని రాళ్లు ఉన్నాయి. పట్టి లాగితే నాళం చినుగుతుంది, ప్లాస్టిక్ పెళుసెక్కి మధ్యలో తెగుతుంది. ఐదు నిమిషాల్లో అయ్యే పనికి అలాంటివారికి మూత్రాశయం వైపు నుంచి ఒకటి, వీపు వైపు నుంచి ఒకటి, కొన్నిసార్లు మూడో ఆపరేషన్ కూడా కావలసి వస్తుంది. కొందరి కిడ్నీయే దక్కదు.

మరచిపోయినవారు అజాగ్రత్త మనుషులేమీ కారు. ఒకరికి తమ ఒంట్లో గొట్టం ఉందనే ఎవరూ తెలుగులో చెప్పలేదు, డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో ఒక్క వరుస ఉంది. మరొకరు సెలవు అయిపోయి దుబాయ్‌కి తిరిగి వెళ్లిపోయారు. అందుకే డిశ్చార్జి అయ్యేటప్పుడు రోగి ఫోన్‌లోనూ, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ తీయవలసిన తేదీకి అలారం పెట్టించి గానీ పంపను. మీకు ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి: "నాకు స్టెంట్ వేశారా? ఎన్ని వేశారు? ఏ తేదీకి తీయాలి?" విదేశాలకు వెళ్లవలసినవారు స్టెంట్‌తో విమానం ఎక్కవచ్చు, కానీ తేదీ దాటేలా ఉంటే అక్కడి ఆసుపత్రిలోనైనా తీయించుకోవాలి.

తీసేటప్పుడు మళ్లీ మత్తు ఇస్తారా?

పెద్దవారికి సాధారణంగా అవసరం ఉండదు. మూత్రమార్గంలో మొద్దుబారే జెల్లీ వేసి, సన్నని దుర్బిణితో పట్టి బయటికి లాగుతారు. కొన్ని నిమిషాల పని. ఆ రోజంతా కొంచెం మంట ఉంటుంది. పిల్లలకు మత్తు ఇచ్చే చేస్తారు.

## మళ్లీ రాకుండా

ఒకసారి తీసేశారు కదా, మళ్లీ వస్తుందా?

జాగ్రత్త తీసుకోనివారిలో దాదాపు సగంమందికి పదేళ్లలో మళ్లీ వస్తుంది. అన్నిటికన్నా బాగా పనిచేసే జాగ్రత్త నీళ్లే. లెక్క తాగిన నీటికి కాదు, వెళ్లిన మూత్రానికి: రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. ఏసీ గదిలో పనిచేసేవారికి మూడు లీటర్ల నీళ్లు సరిపోవచ్చు, రామగుండం ఎండలో, గల్ఫ్ నిర్మాణ పనుల్లో చెమటోడ్చేవారికి అంతకు ఎంతో ఎక్కువ కావాలి. మూత్రం నీళ్లలా లేత రంగులో ఉంటే చాలినట్టు, పసుపు నీళ్లలా ఉంటే చాలనట్టు. పడుకోబోయే ముందు ఒక గ్లాసు తాగాలి, ఎందుకంటే రాత్రి మూత్రం చిక్కబడుతుంది. గుండె జబ్బు, కిడ్నీ వైఫల్యం ఉన్నవారు మాత్రం నీటి కొలత డాక్టరును అడిగే నిర్ణయించుకోవాలి.

టమాటా, పాలు మానేయమన్నారు. ఇంకేం మానాలి?

టమాటా మానవలసిన పని లేదు, అందులో ఆక్సలేట్ తక్కువే. పాలు, పెరుగు మానడం తిరగబడే జాగ్రత్త: ఆహారంలోని క్యాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టి బయటికి పంపుతుంది, అది తగ్గితే ఆక్సలేట్ మూత్రంలోకి ఎక్కువగా చేరి రాయి కడుతుంది. మజ్జిగ హాయిగా తాగవచ్చు, కాకపోతే అందులో ఉప్పు తగ్గించుకోవాలి. ఎక్కువ ఉప్పు మూత్రంలోకి క్యాల్షియాన్ని తోస్తుంది. రోజంతటికీ 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదు. మన ఇళ్లలో ఆవకాయ, వడియాలు, అప్పడాలు, ఎండుచేపలతోనే ఆ కొలత నిండిపోతుంది. ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారు పాలకూర, చుక్కకూర, తోటకూర తగ్గించి, తిన్నప్పుడు పెరుగుతో కలిపి తినాలి. రోజూ మాంసం తినేవారు తగ్గించుకోవాలి. నిమ్మరసంలోని సిట్రేట్ రాయి కట్టకుండా ఆపుతుంది కాబట్టి ఉప్పు, చక్కెర వేయకుండా నిమ్మకాయ నీళ్లు మంచివి. విటమిన్ సి మాత్రలను సొంతంగా పెద్ద మోతాదుల్లో వాడకూడదు.

తీసిన రాయిని డబ్బాలో వేసి ఇచ్చారు. దాన్ని ఏం చేయాలి?

పారేయకండి, పరీక్షకు ఇవ్వండి. ఎక్కువమందివి క్యాల్షియం ఆక్సలేట్ రాళ్లు. యూరిక్ ఆమ్లపు రాయి అని తేలితే, మూత్రంలో ఆమ్లగుణం తగ్గించే పొటాషియం సిట్రేట్‌తో మిగిలిన రాళ్లను ఆపరేషన్ లేకుండా కరిగించే అవకాశం ఉంటుంది. క్రిముల వల్ల కట్టే ఇన్‌ఫెక్షన్ రాయి అయితే చిన్న ముక్క మిగిలినా మళ్లీ పెరుగుతుంది కాబట్టి పూర్తిగా తీశారో లేదో స్కానింగ్‌లో చూడాలి. పిల్లల్లో, చిన్న వయసులోనే పదే పదే రాళ్లు కట్టేవారిలో వంశపారంపర్యంగా వచ్చే సిస్టీన్ రాయి బయటపడవచ్చు, అప్పుడు తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించాలి. ఇంటి దగ్గర మూత్రంలో పడే రాయిని పట్టుకోవాలంటే పల్చని గుడ్డలో గానీ టీ వడపోసే జల్లెడలో గానీ మూత్రం పోసి, దొరికిన దాన్ని కడిగి, ఆరబెట్టి, మూత ఉన్న చిన్న సీసాలో వేసి తీసుకురండి. ఇసుక రేణువంత ఉన్నా పరీక్షకు పనికి వస్తుంది.